కాటాకు ముందు ఇంటి వాటా

మిర్చి పండించే ఇంట్లో కారం ప్యాకెట్ ఎందుకు కొనాలి? పంట అమ్మకముందే ఏడాదికి సరిపడా గింజలు తీసి పెట్టుకునే పద్ధతి మళ్లీ రావాలి.

కేసముద్రం మార్కెట్‌కు పసుపు పోతుంది. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి పోతాయి. జనగామ మార్కెట్‌కు వడ్లు పోతాయి. ఆ ట్రాలీలు తిరిగి వచ్చేటప్పుడు ఇంటికి తెచ్చిన కిరాణా సంచి ఒకసారి విప్పి చూడండి. పావుకిలో కారం, వంద గ్రాముల పసుపు, అరకిలో కందిపప్పు, ఒక నూనె ప్యాకెట్, పిల్లలకు రెండు బిస్కెట్ పుడలు. క్వింటాళ్ల లెక్కన అమ్మి గ్రాముల లెక్కన కొనుక్కుంటున్నాం. అమ్మేటప్పుడు ధర సేటు చెబుతాడు. కొనేటప్పుడు ధర దుకాణదారు చెబుతాడు. రెండు చోట్లా మన మాట చెల్లదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2013 ఏప్రిల్‌లో ‘అమ్మహస్తం’ పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకుల సంచి ఇచ్చారు. కందిపప్పు, పామాయిల్, గోధుమలు, గోధుమపిండి, చక్కెర, ఉప్పు, కారం, చింతపండు, పసుపు. కొంతకాలానికి ఆ సంచి ఆగిపోయింది. అది వేరే సంగతి. ఆ తొమ్మిదింటిలో కంది, మిరప, చింతపండు, పసుపు మన మూడు జిల్లాల మట్టిలో పండేవే. మన చేలల్లో, మన గట్ల మీద పండే వస్తువుల కోసం మనమే లైనులో నిలబడ్డాం. సర్కారు ఇచ్చిందని సంతోషపడ్డాం గానీ, అసలు ఇవి మన ఇంట్లో ఎందుకు లేకుండా పోయాయని ఆలోచించలేదు.

ఒకప్పుడు ఇంట్లో ఏముండేవి?

దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. బతుకమ్మ తొమ్మిది రోజుల పేర్లు చదువుకుంటే చాలు. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ, చివరికి సద్దుల బతుకమ్మ. ఆనాటి ఇంట్లో ఏ కుండలో ఏముండేదో ఆ పేర్లే చెబుతాయి. వడ్లున్నాయి కాబట్టి అటుకులు, కందులున్నాయి కాబట్టి ముద్దపప్పు, పాడి ఉంది కాబట్టి వెన్న, చేనులో నువ్వులు, పల్లీలు, మక్కలు ఉన్నాయి కాబట్టి సత్తుపిండి. పండుగ కోసం ఎవరూ బజారుకు పోయేవారు కాదు. ఇంట్లో ఉన్నదే పండుగ అయ్యేది. ఇప్పుడు సత్తుపిండి కూడా ప్యాకెట్‌లో దొరుకుతున్నది!

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. 1983 తర్వాత రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదవాడి కడుపు నిండింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడరాదు. అయితే గట్క, అంబలి, జొన్నరొట్టె క్రమంగా పేదరికానికి గుర్తులుగా మారాయి. తినేవాడు లేకపోతే జొన్న ఎవరు వేస్తారు? ఆ చెలకల్లోకి పత్తి వచ్చింది. పత్తి మధ్యన సాళ్లలో వేసే కంది, పెసర, బొబ్బర, అనుము కూడా మెల్లగా పోయాయి. చేనంతా ఒక్కటే పంట అయింది. 1997-98లో లద్దెపురుగు ఆ ఒక్క పంటను ఊడ్చేసినప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో పెద్దలకు ఇంకా గుర్తే. పైసలు రాని ఏడు గింజలైనా ఉండాలి. అవీ లేకపోతే ఆ ఇంటికి ఆసరా ఏది?

పత్తి వేయవద్దని, మిర్చి మానేయమని ఈ వ్యాసం చెప్పటం లేదు. పైసల పంట ఉండాల్సిందే. చెప్పేది ఒక్కటే. ఏ పంటైనా కాటా మీదికి ఎక్కకముందే ఇంటి వాటా తీసి పక్కన పెట్టాలి. ఇంట్లోకి కావలసిన రెండు మూడు పంటలకు చెలకలో కొంత చోటు ఇవ్వాలి.

ఎంత కావాలి? ఎంత భూమి?

అయిదుగురున్న ఇంటికి ఏడాదికి లెక్క వేద్దాం. కందిపప్పు 47 కిలోలు, పెసలు 20, బొబ్బర్లు లేదా ఉలవలు 10. మొత్తం 77 కిలోలు. మనిషికి రోజుకు 42 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 85 గ్రాముల పప్పులు కావాలి. అంటే మనం వేసుకున్నది అందులో సగమే. ఆ సగం కూడా చాలా ఇళ్లలో లేదు.

క్వింటా కందులు ఆడిస్తే సుమారు 70 కిలోల పప్పు వస్తుంది. కాబట్టి 47 కిలోల పప్పుకు 67 కిలోల కందులు కావాలి. ఎకరాకు మూడు నాలుగు క్వింటాళ్లు పండే చెలకలో పది గుంటలు కంది వేస్తే, వాన అనుకూలిస్తే, 75 కిలోలకు తగ్గదు. విత్తనానికీ మిగులుతుంది. విడిగా పది గుంటలు ఇవ్వలేని వారు పత్తిలో నాలుగు లేదా ఆరు సాళ్లకు ఒక సాలు కంది వేసుకోవచ్చు. పెసరకు అయిదు గుంటలు చాలు. అరవై, అరవై అయిదు రోజుల్లో ఇంటికి వస్తుంది. వరంగల్ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన రుద్రేశ్వర కంది, యాదాద్రి పెసర వంటి రకాల గురించి అక్కడా, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రంలోనూ అడిగి తెలుసుకోండి. బోరు కింద కాస్త తడి ఉన్నవారు ఎండాకాలం నాలుగు గుంటల్లో నువ్వులు చల్లుకుంటే ఇంటికి సరిపోతాయి.

మిర్చి, పసుపు వేసేవారికి కొత్తగా భూమి అక్కర్లేదు. కల్లంలో నుంచి పది కిలోల ఎండుమిర్చి, ఉడకబెట్టి ఎండిన పసుపు కొమ్ములు రెండు కిలోలు తీసి పెడితే ఏడాది గడుస్తుంది. తాలు కాయలు ఇంటికి, మంచి కాయలు మార్కెట్‌కు అనే అలవాటు మాత్రం మానాలి. మొదట ఏరిన మంచి కాయే ఇంటి వాటా కావాలి.

పైసల లెక్క దాచకుండా చెప్పుకుందాం

67 కిలోల కందులు అమ్మితే ఎంత వస్తుంది? 2025-26 మద్దతు ధర క్వింటాకు 8,000 రూపాయల లెక్కన 5,360 రూపాయలు. ఆ 47 కిలోల పప్పు దుకాణంలో కిలో 120 లెక్కన కొంటే 5,640. తేడా 280 రూపాయలు. మిల్లు కూలి తీసేస్తే అదీ మిగలదు. ‘మరి ఈ తిప్పలు ఎందుకయ్యా?’ అని మీరు అడగవచ్చు. అడగాల్సిందే.

మొదటి జవాబు: ఆ మద్దతు ధర అందరికీ, అన్ని ఏండ్లూ దొరకదు. 2015 అక్టోబరులో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా ఎక్కింది. కొని తినేవాడు ఏడ్చాడు. ఆ ధర చూసి అందరూ కంది వేశారు. 2017 మొదట్లో మార్కెట్‌లో కందుల ధర 5,050 రూపాయల మద్దతు ధర కిందికి పడిపోయింది. పండించినవాడు ఏడ్చాడు. మన రైతు రెండు సార్లూ ఏడ్చాడు, కొనేటప్పుడు ఒకసారి, అమ్మేటప్పుడు ఒకసారి. ఇంట్లో కందులున్న ఇంటికి మాత్రం ఆ రెండేండ్లూ పప్పుచారు ఒకే తీరుగా ఉడికింది.

రెండో జవాబు ఇంకా ముఖ్యం. కందులు అమ్మిన 5,360 రూపాయలు పప్పు కోసం విడిగా ఉండవు. మందుల దుకాణం బాకీకో, బడి ఫీజుకో, దవాఖానకో పోతాయి. ఆ తర్వాత పప్పు ఖాతా మీద అరకిలో, పావుకిలో వస్తుంది. చారు పలచబడుతుంది. ఇంట్లో అందరికంటే చివర తినే ఆడమనిషి గిన్నెలోకి వచ్చేసరికి పప్పు ఉండదు, నీళ్లు ఉంటాయి. ఇంట్లో గింజ ఉంటే ఆడవాళ్లు గిద్దె ఎక్కువే పోస్తారు. దుకాణం నుంచి తెచ్చిన పప్పయితే చిటికెడు తగ్గిస్తారు. తేడా అంతా అక్కడే ఉంది.

మూడోది: కందులు ఇంట్లో ఆడిస్తే పొట్టు, చూరి పాడిపశువుకు మిగులుతాయి. ఇది లెక్కలోకి రాని లాభం.

కడుపు నిండింది, రక్తం లేదు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అయిదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మంది. బియ్యం లేక వచ్చిన కష్టం కాదిది. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యమే వస్తున్నది. బియ్యం ఒక్కటే ఉండి, దాని పక్కన పప్పు, ఆకుకూర, నువ్వులు, పాలు, గుడ్డు సరిపోను లేకపోవటమే ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

బియ్యంలో మాంసకృత్తులు నూటికి ఏడెనిమిది పాళ్లు. పప్పుల్లో సుమారు ఇరవై రెండు. అంతేకాదు, బియ్యంలో కొరవడినది పప్పులో ఉంటుంది, పప్పులో కొరవడినది బియ్యంలో ఉంటుంది. మూడు పాళ్లు బియ్యం లేదా జొన్న, ఒక పాలు పప్పు కలిపి తింటే రెండూ ఒంటికి పడతాయి. పప్పన్నం మీద నిమ్మకాయ పిండుకోవటం, ఉసిరికాయ తొక్కు నంజుకోవటం వల్ల అందులోని ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే అది తగ్గుతుంది. చాయ్ గంట ఆగి తాగండి.

ఒకే గింజ, పది వంటలు

‘రోజూ అదే పప్పు పెడితే పిల్లలు తినరు’ అని తల్లులు అంటారు. నిజమే. అయితే మన వంట ఒక్క పప్పుతో ఆగిపోయేది కాదు.

కందులు: ఒకరోజు ముద్దపప్పు, పచ్చిపులుసు. ఒకరోజు పుంటికూర పప్పు, తోటకూర పప్పు. ఒకరోజు సోరకాయ ముక్కలేసి పప్పుచారు. కూర లేనిరోజు వేయించిన పప్పుతో కందిపొడి, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు వేసి. ఎండాకాలం చింతచిగురు వచ్చినప్పుడు ఆ పప్పుకు సాటి లేదు.

పెసలు: సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకు గుడాలు. నానబెట్టి మొలకలు. రుబ్బి పెసరట్టు, పండుగకు పెసర గారెలు. ఒంట్లో బాగాలేనివారికి పెసరపప్పు, బియ్యం కలిపి మెత్తగా వండిన పులగం.

బొబ్బర్లు, ఉలవలు, అనుములు: ఉప్పేసి ఉడికించి పోపు పెడితే గుడాలు. ఉలవలు ఉడికిన నీళ్లు పారబోయకుండా చింతపండు వేసి కాస్తే ఉలవచారు. పైసా ఖర్చు లేని సాయంత్రం తిండి ఇది. పది రూపాయల బిస్కెట్ పుడ కంటే ఎంతో బలం.

జొన్నలు, మక్కలు: గట్క, రొట్టె అందరికీ తెలిసినవే. జొన్న రవ్వతో ఉప్మా, మిగిలిన రొట్టెను నలిపి బెల్లం కలిపితే మలీద. అంబలిలో చల్ల పోసి ఉల్లిగడ్డ నంజుకుంటే పత్తి ఏరే కూలీలకు మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

నువ్వులు, పల్లీలు: వేయించి దంచిన నువ్వుల పొడి పచ్చిపులుసులో కలిపితే రుచీ, బలమూ. వంకాయ కూరలో అదే పొడి. బెల్లంతో ఉండలు. ఎదిగే ఆడపిల్లలకు రోజుకొక ఉండ ఇవ్వాలి. నువ్వుల్లో కాల్షియం ఎక్కువ.

నూకలు: వడ్లు ఆడించినప్పుడు వచ్చే నూకలను చులకన చేయవద్దు. ఉప్మా, జావ, కుడుములు దీనితోనే. బియ్యప్పిండిలో నానబెట్టిన పెసరపప్పు, నువ్వులు, పల్లీలు, ఎల్లిపాయ, కరివేపాకు కలిపి గిన్నెకు ఒత్తి కాలిస్తే సర్వపిండి. ఇంట్లో ఉన్న నాలుగు రకాల గింజలు ఒక్క అప్పలోకి వచ్చాయి చూడండి! పూర్వపు ఆడవాళ్లకు పోషకాహారం అనే మాట తెలియకపోవచ్చు. సంగతి మాత్రం తెలుసు.

దాచుకోవటమే అసలు విద్య

గింజ తీసి పెట్టి పురుగు పాలు చేస్తే లాభం లేదు. గింజలు బాగా ఎండాలి. పప్పు గింజలో తేమ నూటికి పది లోపు ఉండాలి. పంటి కింద ‘టక్’మని పగలాలి. ఎండబోసిన గింజ చల్లారిన తర్వాతే డబ్బాలో పోయాలి.

పప్పు పురుగు గుండుగింజకే ఎక్కువ పడుతుంది, పప్పుగా ఆడించిన దానికి తక్కువ. అందుకే విత్తనం పోను మిగతా కందులను రెండు మూడు నెలల్లో ఆడించుకోండి. గుండుగా దాచే పెసలకు, కందులకు కిలోకు అయిదు మిల్లీలీటర్ల వంటనూనె లేదా ఆముదం బాగా పట్టించి పెడితే పురుగు గుడ్లు పొదగవు. పెద్దవాళ్లు కందులకు ఎర్రమట్టి పట్టించేది కూడా పురుగు పడకుండానే. పాత గోనెసంచి వాడితే ముందు ఎండలో పెట్టి దులపండి. మూత గట్టిగా పట్టే డబ్బా అన్నిటికంటే మేలు.

నాలుగు జాగ్రత్తలు మరువవద్దు. పురుగు చంపే సల్ఫాస్ గోళీలు ఇంట్లో గింజల్లో పెట్టరాదు. ఆ గాలి మనుషుల ప్రాణం తీస్తుంది. మందు డబ్బాలు, మందు పట్టించిన విత్తనం సంచులు గింజలకు వాడరాదు. బూజు పట్టిన పల్లీలు, మక్కలు ఎంత కడిగినా తినరాదు. పత్తిలో కంది వేసినవారు, పత్తికి మందు కొట్టిన వెంటనే పచ్చి కందికాయలు తెంపి పిల్లలకు ఉడకబెట్టవద్దు.

మీరు అడిగే ప్రశ్నలు న్యాయమైనవే

‘సేటు అప్పు ఇచ్చిండు, కల్లం కాడికే బండి తోలుకొస్తడు, మేమేం దాచుకుంటం?’ అనే రైతులున్నారు. పత్తి, మిర్చి మీద అప్పు ఇచ్చిన సేటు పది గుంటల కంది మీద కన్ను వేయడు. ఇంటి పంట అప్పు పద్దులోకి రాకుండా విడిగా ఉండాలనేది అందుకే. కౌలు రైతు కూడా కౌలు మాట్లాడుకునేటప్పుడే సాలు కంది తనదని చెప్పుకోవాలి.

‘కోతులు బతకనిస్తలేవు’ అనేది అంతకంటే పెద్ద కష్టం. భూపాలపల్లి, గూడూరు, కొత్తగూడ వైపు అడవి అంచు ఊళ్లలో ఒక్క రైతు కంది వేస్తే ఆ ఒక్క చేనే కోతులకు విందు. పది మంది ఒకే దిక్కున పక్కపక్కన వేసి వంతుల వారీగా కావలి కాస్తేనే చేతికి వస్తుంది. అదీ కుదరని చోట కోతులు అంతగా ముట్టని నువ్వులు, పసుపు వైపు చూడాలి.

‘ఈ విసరటాలు, దంచటాలు మళ్లీ మా నెత్తినేనా?’ అని అక్కచెల్లెళ్లు అడుగుతారు. వారి మాట అక్షరాలా నిజం. పొద్దంతా చేనులో కూలి చేసి వచ్చిన మనిషిని ఇసుర్రాయి ముందు కూర్చోబెట్టే పద్ధతి మళ్లీ రాకూడదు. అందుకే మండలానికి రెండు మూడైనా చిన్న పప్పుమిల్లులు మహిళా సంఘాల చేతిలో ఉండాలి. వడ్లు కొనే కేంద్రాలను నడిపిన సంఘాలకు ఇది చేతకాని పని కాదు. సర్కారు ఇవ్వవలసింది యంత్రానికి రుణం, కరెంటు, ఒక షెడ్డు. అలాగే, బియ్యం ఇచ్చే రేషన్ దుకాణంలో పప్పు కూడా ఇవ్వాలి. ఆ పప్పు మన జిల్లాల రైతుల దగ్గరే మద్దతు ధరకు కొనాలి.

కలిసి చేస్తే అయ్యే పనే ఇది. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనబావి చిన్న పల్లె. ఊరంతా ఒక్క మాట మీద నిలబడి రసాయన మందులు మానేశామని 2006లో ప్రకటించుకున్నది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు 1990ల లోనే పడావు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, ఊళ్లోని పేద ఇళ్లకే తక్కువ ధరకు ఇచ్చుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకు వచ్చింది. వాళ్లూ చిన్న, సన్నకారు రైతులే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రైతుకు ఇంట గెలవటమంటే ఇంట్లో కందులు, పెసలు, నువ్వులు, కారం, పసుపు, చింతపండు ఉండటం. అన్నీ ఈ ఏడే కావాలని లేదు. వచ్చే వానాకాలం పత్తి విత్తనం కొనటానికి పోయే ముందు ఇంటామెను అడగండి, ‘ఏడాదికి మనకు ఎన్ని కందులు కావాలి?’ అని. ఆమె చెప్పిన లెక్కకు సరిపడా సాళ్లు ముందు వదిలిపెట్టి, మిగిలిన భూమికి పత్తి విత్తనం కొనండి.